ఊరి చరిత్ర అటక మీదుంది!

దేశ చరిత్ర బడి పుస్తకంలో ఉంటుంది. జిల్లా చరిత్ర గ్రంథాలయంలో దొరుకుతుంది. మరి మన ఊరి చరిత్ర? అది ఏ కరణంగారి అటక మీదో, ఏ చర్చి బీరువాలోనో, ఏ బడి రిజిస్టర్లోనో ఉంటుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె పల్లెల్లో అలాంటి కాగితాల్లో కొన్ని మిగిలాయి. చాలా పోయాయి. ఏది మిగిలింది, ఎందుకు మిగిలింది... అదే అసలు కథ.

సంక్రాంతి పది రోజులుందనగా తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో పాత ఇళ్లకు బూజులు దులపడం మొదలవుతుంది. అటక మీంచి ఒక్కొక్కటే కిందికి దిగుతాయి. సొట్టలు పడిన ఇత్తడి గంగాళం, గొలుసు తెగిన ఉయ్యాల బల్ల, ఏళ్లతరబడి ఎవరూ తెరవని ట్రంకు పెట్టె. పెట్టె తెరిస్తే ఎర్రగుడ్డలో చుట్టిన తాటాకుల కట్ట, అంచులు పొడిపొడిగా రాలుతున్న లెక్కల పుస్తకాలు, చెద తిన్న దస్తావేజులు. 'ఇంకా ఈ చెత్తంతా ఎందుకు మావయ్యగారూ' అంటుంది కోడలు. మావగారు ఓసారి విప్పి చూస్తారు. ఆ రాత చదవడం ఆయనకూ రాదు. మళ్లీ మూటకట్టి అటకెక్కించే ఓపికా లేదు. తెల్లారితే భోగి. పాత కాగితం బాగా మండుతుంది.

ఆ మంటలో పోయేదేమిటో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చెరువు ఎవరు తవ్వించారో, గుడి మాన్యం ఎంతో, కరువొచ్చిన ఏడు ఎవరెవరు ఊరొదిలి పోయారో... ఇంకెక్కడా రాసిపెట్టి లేని సంగతులు కావచ్చు. కాకపోనూ వచ్చు. చదివితేగా తెలిసేది!

అమెరికాలో ఉన్న మనవడు ఆదివారం పూట ఫోన్ చేసి 'తాతయ్యా, మన ఇంటిపేరు ఎలా వచ్చింది? మనవాళ్లు ఈ ఊరికి ఎక్కణ్నుంచి వచ్చారు?' అని అడిగితే చాలా ఇళ్లలో జవాబు మూడు తరాల దగ్గరే ఆగిపోతుంది. తాత పేరు తెలుసు. ముత్తాత పేరు తద్దినం రోజున గుర్తుకొస్తుంది. ఆపైన అంతా 'మా పెద్దాళ్లు చెప్పేవారు' అనే మాటే. ఒకప్పుడు ఇంటింటి గోత్రాలూ వంశావళులూ వల్లెవేసి వినిపించే పిచ్చుకుంట్లవాళ్లు ఊళ్లకు వచ్చేవారు. వాళ్ల రాకా తగ్గిపోయింది. వాళ్ల నోట ఉన్న చరిత్రా వాళ్లతోనే పోతోంది.

అడిగినవాడొకడు వచ్చాడు

తెలుగు పల్లెల చరిత్రను ఊరూరా తిరిగి అడిగి రాయించిన ఘనత ఒక స్కాట్లాండు దేశస్థుడిది. పేరు కాలిన్ మెకంజీ. లూయిస్ దీవిలోని స్టోర్నవేలో పుట్టాడు. 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు వచ్చాడు. సర్వే ఇంజినీరుగా దేశమంతా తిరిగి, 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. కొలవడం ఆయన ఉద్యోగం. కానీ ఏ ఊరికి వెళ్లినా కొలతలతో సరిపెట్టేవాడు కాదు. ఈ గుడి ఎవరు కట్టించారు, ఈ శాసనంలో ఏముంది, మీ ఊరిని ఎవరెవరు ఏలారు... అన్నీ కావాలి ఆయనకు.

తమాషా ఏమిటంటే, ఆయనకు మన భాషలేవీ రావు. ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు. మరి పని ఎలా జరిగింది? ఏలూరుకు చెందిన కావలి సోదరుల వల్ల జరిగింది. పెద్దవాడు కావలి వెంకట బొర్రయ్య 1790ల్లో మెకంజీ దగ్గర చేరాడు. ఊళ్లలో మనుషుల్ని నొప్పించకుండా మాట్లాడి, గుడి పూజారిచేతా ఊరి కరణంచేతా గుట్టుగా ఉన్నవి బయటికి తీయించే నేర్పు అతనిది. పాతికేళ్లు దాటీ దాటకముందే, 1803లో కన్నుమూశాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత అందుకున్నాడు. మనుషుల్ని జిల్లాలకు పంపించి, వాళ్లు రాసిపంపిందంతా పోగుచేయించాడు. మరో తమ్ముడు రామస్వామి 1829లో దక్కను కవుల జీవితాల మీద ఇంగ్లిషులో పుస్తకమే రాశాడు.

అలా కరణాల దగ్గరున్న కవిలెల ఆధారంగా రాయించినవే గ్రామ కైఫీయత్తులు. కైఫీయత్తు అంటే వివరణ, వృత్తాంతం అని అర్థం. ముక్కంటి మహారాజు దగ్గర మొదలై, రెడ్డి రాజులూ గజపతులూ కృష్ణదేవరాయలూ గోల్కొండ నవాబులూ దాటుకుంటూ జమీందార్ల కాలం దాకా వచ్చే కథనాలు. అందులో పుక్కిటి పురాణాలూ ఉంటాయి. ఏ రాజు తర్వాత ఏ రాజో తారుమారైన చోట్లూ ఉంటాయి. కానీ వాటి మధ్యనే ఊరి పొలిమేరలూ, చెరువులూ, మాన్యాలూ, ఏ కులవృత్తివాళ్లకి ఎంత భూమి ఇచ్చారన్నదీ ఉంటాయి. మల్లంపల్లి సోమశేఖరశర్మలాంటి చరిత్రకారులు శాసనాల పక్కన పెట్టి సరిచూసుకున్నది వీటినే.

1821లో మెకంజీ చనిపోయాక ఆయన సేకరణను కంపెనీ కొనుక్కుంది. అందులో కొంత లండనుకు వెళ్లింది. దక్షిణాది భాషల రాతల్లో ఎక్కువ భాగం మద్రాసుకు చేరింది. అక్కడా పురుగుపట్టి శిథిలమైపోతుంటే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ చూసి, మనుషుల్ని పెట్టి నకళ్లు రాయించాడు. బైండు చేయించాడు. ఇవాళ గుంటూరు ప్రాంతపు కైఫీయత్తులు అచ్చులో చదువుకోగలుగుతున్నామన్నా, కడపలోని బ్రౌన్ గ్రంథాలయం ఆ జిల్లా కైఫీయత్తులను సంపుటాలుగా తెచ్చిందన్నా కారణం ఆ నకళ్లే.

ఇక్కడ ఓ క్షణం ఆగాలి. ఊరి నుంచి బయటికి వెళ్లింది నకలు. ఊళ్లోనే, కరణంగారి ఇంట్లోనే, భద్రంగా ఉండిపోయింది అసలు. రెండు వందల ఏళ్ల తర్వాత చూస్తే... నకలుంది. అసలు లేదు!

వెల్లటూరు లాకుల్లో పాలరాయి

అడిగేవాళ్లు లేకపోతే ఏమవుతుందో చూడాలంటే తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలెక్కి భట్టిప్రోలులో దిగితే చాలు. క్రీస్తుకు పూర్వం నాటి బౌద్ధ స్తూపం ఉన్న ఊరది. 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే ఆ స్తూపం గర్భంలో మూడు రాతి భరిణెల్ని వెలికితీశాడు. వాటి మీద అక్షరాలున్నాయి. కుబిరకుడనే రాజు పేరు ఉంది. ఊరి పెద్దల పేర్లున్నాయి. వాటిని జార్జి బ్యూలర్ అనే పండితుడు చదివి 1894లో ప్రకటించాడు. ఆ లిపికి ఇప్పుడు ప్రపంచమంతటా భట్టిప్రోలు లిపి అనే పేరు. తెలుగు అక్షరం పుట్టుక గురించి ఎవరు మాట్లాడినా అక్కడ ఆగాల్సిందే.

అయితే రే వచ్చేనాటికి ఆ స్తూపం పైభాగం లేదు. అంతకు కొన్నేళ్ల ముందే రోడ్డు పనికోసం ఇటుకలు తవ్వుకుపోయారు. కాలువ పనులప్పుడు స్తూపం పాలరాళ్లను పక్కనే ఉన్న వెల్లటూరు లాకుల కట్టడంలో వాడేశారు. కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. ఆ నీళ్లే ఈ ప్రాంతానికి వరి తెచ్చాయి, అన్నం పెట్టాయి. ఆ కాలువను తప్పుపట్టేవాళ్లు ఎవరూ లేరు. తప్పు ఎక్కడుందంటే, ఆ రాళ్ల మీద ఏముందో ఎవరూ కాగితం మీదకు ఎక్కించకపోవడంలో ఉంది. రాయి లాకులకు పోయినా బొమ్మో నకలో మిగిలి ఉంటే చరిత్ర మిగిలేది.

అమరావతితో పోల్చితే తేడా తెలుస్తుంది. అక్కడా రాళ్లు చెల్లాచెదురయ్యాయి. కానీ 1790ల చివర్లో ఓసారి, 1816లో మరోసారి మెకంజీ వచ్చి తన మనుషుల చేత బొమ్మలు గీయించాడు. తర్వాత పోయిన శిల్పాల్లో కొన్ని ఎలా ఉండేవో ఆ బొమ్మల వల్లే తెలుస్తోంది.

బాపట్ల భావనారాయణస్వామి గుడిలో, ఒకప్పుడు వెలనాటి చోళుల రాజధాని అయిన చందవోలులో ఉన్న శాసనాలదీ ఇదే దారి. వాటికి శాసన శాఖవాళ్లు తడి కాగితం అద్ది, సిరా పూసి ముద్రలు తీసుకున్నారు. చదివి అచ్చువేశారు. ఇక ఆ రాతికి ఎవరైనా సున్నం కొట్టినా, నూనె పోసినా ఆ అక్షరానికి భయం లేదు.

పెట్టెకు మూడు తాళాలు

ఈ కష్టం మన ఒక్కళ్లదే కాదు. ఇంగ్లండులో పల్లె అంటే పారిష్. చర్చి చుట్టూ అల్లుకున్న ఊరు. 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఓ ఉత్తర్వు ఇచ్చాడు. ప్రతి పారిష్‌లోనూ జరిగే ప్రతి బాప్తిస్మం, పెళ్లి, ఖననం ఒక పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకాన్ని తాళాలు వేసిన పెట్టెలో ఉంచాలి. ఆ తర్వాత పెట్టెకు తాళాలు మూడయ్యాయి. ఒక తాళంచెవి పాదిరీగారి దగ్గర, మిగతా రెండూ ఊరి తరపున ఎన్నికైన చర్చి పెద్దల దగ్గర. ముగ్గురూ కలిస్తేనే పెట్టె తెరుచుకుంటుంది. ఊరి కాగితం ఏ ఒక్కరి సొత్తూ కాదని చెప్పడానికి ఇంతకన్నా తేలికైన ఉపాయం ఉంటుందా!

1598లో ఇంకో నియమం వచ్చింది. ఆ ఏడాది రాసినదంతా నకలు తీసి ఏటా బిషప్పుగారి కచేరీకి పంపాలి. ఎలుకలు కొట్టేసిన, తడిసి ముద్దయిన రిజిస్టర్లు ఎన్నో. వాటి ఖాళీలు పూడ్చుకోవడానికి అక్కడి కుటుంబాలకు ఈ నకళ్లే దిక్కయ్యాయి. 1978లో మరో అడుగు వేశారు. వందేళ్లు దాటిన రిజిస్టర్లను కౌంటీ రికార్డు కార్యాలయాలకు అప్పగించాలని చర్చి చట్టం చేసింది. చర్చిలోనే అట్టిపెట్టుకోవాలంటే తేమ, వేడి, నిప్పు నుంచి కాపాడే ఏర్పాట్లు ఉన్నట్టు చూపించాలి. అందుకే ఆస్ట్రేలియాలో పుట్టిన మునిమనవడు కూడా నాలుగొందల ఏళ్ల కిందటి తాత పెళ్లి తేదీ వెతుక్కోగలుగుతున్నాడు. ఆ తాత లార్డో జమీందారో కానక్కర్లేదు. కూలివాడైనా సరే.

కరణంగారి మొలలో తాళంచెవి

మన పల్లెల్లో పెట్టె ఉంది. తాళమూ ఉంది. తాళంచెవి మాత్రం ఒక్కరి మొలలోనే ఉండేది. కరణీకం వంశపారంపర్యం. లెక్కా వంశపారంపర్యమే. తాటాకు కవిలెలు, బొగ్గు పట్టించిన గుడ్డ మీద బలపంతో రాసిన కడితాలు, తర్వాత కాలంలో అడంగళ్లు, చిట్టాలు, ఇంగ్లిషులోనూ తెలుగులోనూ ఉండే డైగ్లాట్లు... ఊరి నాడి అంతా వాటిలోనే. గొలుసుకట్టు రాతలో గబగబా రాసుకుపోతే అక్షరానికీ అక్షరానికీ మధ్య గంటం లేచేదే కాదు. వీసాలకూ కాణులకూ వేరే గుర్తులు. పక్కింటివాడికి చూపించినా చదవలేడు.

అందులో రక్షణా ఉంది, రహస్యమూ ఉంది. అమెరికా చరిత్రకారుడు రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ 1788 నుంచి 1848 వరకూ గుంటూరు జిల్లా పాలన మీద రాసిన పుస్తకం 1965లో వచ్చింది. కచేరీ ఉద్యోగులూ ఊరి కరణాలూ కలిసి అసలు లెక్కను కలెక్టర్ల కంట పడనివ్వకుండా ఎలా నడిపించారో అందులో వివరంగా ఉంటుంది. 1832-33 నందన కరువులో జిల్లా కుదేలైపోయింది. ఆ తర్వాత కూడా పన్నుల లెక్క తేలలేదు. చివరికి 1845లో వాల్టర్ ఇలియట్‌ను విచారణకు పంపాల్సి వచ్చింది. అమరావతి శిల్పాలను తవ్వి మద్రాసు పంపిందీ ఈ ఇలియటే. అటు మట్టిలో కప్పడిపోయినదాన్నీ ఇటు లెక్కల్లో కప్పెట్టినదాన్నీ తవ్వడం ఆయన వంతయింది.

1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. వందల ఏళ్ల వంశపారంపర్య పెత్తనం ఒక్క ఆర్డినెన్సుతో పోయింది. ఊళ్లలో చాలామంది సంతోషించారు. ఎందుకు సంతోషించకూడదు? తన పొలం వివరం తెలుసుకోవడానికి ఒకరి అరుగు ముందు చేతులు కట్టుకు నిలబడే అవసరం తప్పింది. సర్కారీ రిజిస్టర్లను స్వాధీనం చేసుకున్నారు. మరి వాటికన్నా పాతవి? తాతలనాటి తాటాకులు, ఉత్తరాలు, పంచాయతీ తీర్పుల కాగితాలు, ఊరి తగాదాల మహజర్లు? శిస్తు వసూలుకు పనికిరావు కాబట్టి వాటిని ఎవరూ అడగలేదు. ఇంట్లోవాళ్లకు పదవీ పోయింది. దాంతోపాటే ఆ కాగితాల మీద శ్రద్ధా పోయింది. అటకెక్కాయి.

ఇంకో లెక్క వేసుకుంటే గుండె జారుతుంది. 1984లో ముప్ఫైల్లో ఉన్న కరణంగారికి ఇప్పుడు డెబ్భై దాటాయి. గొలుసుకట్టు చూడగానే చదివేసే కళ్లు ఊరికి ఒకటో రెండో జతలు మిగిలుంటాయి. తాటాకును కాపాడటానికి పద్ధతులున్నాయి. చదివేవాణ్ని కాపాడుకోవడానికి?

లెక్కకెక్కని వాళ్లు

కరణంగారి లెక్క ఎంత వివరమైనదైనా అందులో ఓ పెద్ద ఖాళీ ఉంది. భూమి ఉన్నవాడి పేరే అందులో ఉంటుంది. ఆ భూమి దున్నినవాడు, నాట్లు వేసిన మనిషి, చచ్చిన గొడ్డును మోసుకెళ్లినవాడు ఆ పేజీల్లో కనపడరు. ఊరి చరిత్ర అంటే ఈ లెక్క ఒక్కటే అనుకుంటే సగం ఊరు చరిత్రలో లేనట్టే.

ఆ సగం ఊరి పేర్లు వేరేచోట ఉన్నాయి. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరినప్పటి నుంచి ఈ జిల్లాలో లూథరన్ మిషను పనిచేసింది. తెనాలి, రేపల్లె ప్రాంతాలకు విస్తరించింది. బాపట్లలో అమెరికన్ బాప్టిస్టు మిషను నిలదొక్కుకుంది. వాటి చర్చిల్లో బాప్తిస్మం, పెళ్లి, సమాధి రిజిస్టర్లు నడిచాయి. ఎన్నో దళిత కుటుంబాలకు తమ తాత, ముత్తాతల పేర్లు కాగితం మీద మొదటిసారి కనిపించేది వాటిలోనే. ఇంగ్లండు పారిష్ రిజిస్టరు అక్కడి కూలివాడికి చేసిన మేలే ఇక్కడి కూలివాడికీ జరిగింది. కానీ నకలు పంపాలన్న నియమం ప్రతిచోటా అమలుకాదుగా! పాస్టరుగారు బదిలీ అయినా, పాత చర్చి పడగొట్టి కొత్తది కట్టినా ఆ రిజిస్టరు ఏ మూలకు చేరిందో చూసుకునేవాళ్లుండాలి.

బడి ప్రవేశాల రిజిస్టరు ఇంకో నిధి. ఇంట్లో మొదటిసారి పలక పట్టిన పిల్ల పేరు, తండ్రి వృత్తి, చేరిన తేదీ, మానేసిన తేదీ ఉంటాయి. ఏ ఏడు ఏ వాడ నుంచి మొదటి పిల్ల బడికి వచ్చిందో, ఎన్నో తరగతిలో ఆగిపోయిందో అందులో చూడొచ్చు. పుట్టినతేదీ ధ్రువీకరణకోసం రికార్డు షీటు అడిగినప్పుడు తప్ప దాన్ని ఎవరూ తెరవరు.

పెద్ద చరిత్రకూ ఈ చిన్న కాగితాలు కావాలి. మొదటి ఆంధ్ర మహాసభ 1913 మే 26న బాపట్లలో జరిగిందనీ, బయ్యా నరసింహేశ్వరశర్మ అధ్యక్షత వహించారనీ పుస్తకాల్లో ఉంది. వచ్చినవాళ్లకు ఎవరింట్లో బస ఇచ్చారు, వంటలెవరు చేశారు, బియ్యం ఏ ఊరి నుంచి బళ్ల మీద వచ్చాయి? 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పులకు బలైన ఏడుగురి స్మృతిగా రణరంగ చౌక్‌లో స్తూపాలున్నాయి. ఆ రోజు గాయపడి ఇంటికొచ్చి, ఎవరికీ చెప్పకుండా పసరు కట్టు కట్టించుకున్నవాళ్ల సంగతి? ఉంటే ఇళ్లలోని ఉత్తరాల్లోనే ఉండాలి.

ఊరు కదల్లేదు... జిల్లా కదిలింది

సర్కారు దగ్గరున్న కాగితాలైనా ఒక్కచోట దొరుకుతాయా అంటే, దానికీ ఓ చిక్కుంది. రేపల్లె ప్రాంతంలోని ఒక ఊరిని తీసుకుందాం. 1788లో గుంటూరు సర్కారు కంపెనీ చేతికొచ్చింది. 1859లో గుంటూరు జిల్లాను కృష్ణా జిల్లాలో కలిపేశారు. కచేరీ బందరుకు మారింది. గోర్డన్ మెకంజీ 1883లో అచ్చువేసిన కృష్ణా జిల్లా మాన్యువల్‌లో ఈ ఊళ్ల కథలూ ఉండటానికి కారణం అదే. 1904లో గుంటూరు మళ్లీ జిల్లా అయింది. 1953 దాకా మద్రాసు రాష్ట్రం, 1956 నుంచి హైదరాబాదు. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2014లో రాష్ట్రం రెండైంది. 2022 ఏప్రిల్లో బాపట్ల జిల్లా ఏర్పడి రేపల్లె అటు వెళ్లింది. తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. చీరాల వాళ్లదైతే ఇంకో మెలిక. గుంటూరు నుంచి 1970లో ఒంగోలు జిల్లాకు, అక్కణ్నుంచి 2022లో బాపట్లకు.

ఊరు అంగుళం కదల్లేదు. దాని కాగితాలు మాత్రం గుంటూరు, బందరు, మద్రాసు, హైదరాబాదు అంటూ తిరిగాయి. ప్రతి బదిలీలోనూ కొన్ని మూటలు పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. వీటికితోడు సముద్రం. 1977 నవంబరు 19 ఉప్పెనకు దివిసీమతోపాటు రేపల్లె, బాపట్ల తీరగ్రామాలూ అల్లాడాయి. వేల ప్రాణాలు పోయిన చోట కాగితాల గురించి ఎవరు ఏడుస్తారు! కానీ ఇంటితోపాటు కొట్టుకుపోయిన ట్రంకు పెట్టెలో పట్టాలూ పెళ్లి శుభలేఖలూ ఉన్నాయి. ఆ ఇంట్లో మిగిలిన పిల్లకి తల్లి ఫొటో కూడా మిగల్లేదు.

మనసుంటే మనవాళ్లూ చేయగలరనడానికి ఆ జిల్లాలోనే ఓ సాక్ష్యం ఉంది. చీరాల దగ్గర వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం. పెద్ద పట్నం కాదు. నేతగాళ్ల ఊరు. అక్కడి గ్రంథాలయంలో వందేళ్లనాటి తెలుగు పత్రికలు వరసగా బైండు చేసి దాచారు. గాంధీజీ వచ్చివెళ్లిన గుర్తుగా ఆయన చేతికర్రా ఉంది. తెలుగు నేల మీద పరిశోధన చేసేవాళ్లు పట్నాలు వదిలి ఆ పల్లెకు వెళ్తారు. దాచడం ఒక్కటే కాదు, అడిగినవాళ్లకు తీసి చూపించడం ఆ ఊరు చేసిన గొప్ప పని.

ఏం చేయొచ్చు?

డెల్టా గాలిలో తేమ ఎక్కువ. కాగితానికి మొదటి శత్రువు అదే. పాత దస్తావేజును లామినేషను చేయిస్తే భద్రమనుకుంటారు చాలామంది. లామినేషను వేడికి కాగితం పాడవుతుంది, తర్వాత విప్పడానికి వీలుండదు. చిరుగులకు అంటించిన సెల్లోటేపు కొన్నాళ్లకు పసుపురంగు జిగురై అక్షరాన్నే తినేస్తుంది. రబ్బరుబ్యాండ్లూ గుండుసూదులూ అంతే. ఎండలో ఆరేయడమూ మంచిది కాదు. శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, నేలకూ గోడకూ తగలకుండా, గాలి ఆడే చోట పెడితే చాలు. తాటాకులకు మన పెద్దవాళ్లు నిమ్మగడ్డి నూనె రాసేవారు. కట్టలో వస కొమ్ములూ వేపాకులూ పెట్టేవారు. అయితే పెళుసెక్కిన ఆకుల జోలికి సొంతంగా వెళ్లకుండా తెలిసినవాళ్లకు చూపించడం మేలు.

అన్నిటికన్నా ముఖ్యం నకలు. ఒకప్పుడు దానికి రాయసగాళ్లు కావాలి, నెలలు పట్టేది. ఇప్పుడు జేబులో ఫోనుంది. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ప్రతి పేజీనీ నిటారుగా ఫొటో తీస్తే సరి. ఏ ఊరు, ఎవరింట్లోది, ఎన్నో పేజీ అన్నది పక్కనే రాయాలి. అది రాయకపోతే ఆ ఫొటో ఎన్నేళ్లున్నా అనామకమే. ఒక ప్రతి ఇంట్లో, ఒకటి ఊరి గ్రంథాలయంలోనో బడిలోనో, ఇంకోటి ఊరికి దూరంగా ఉన్న బంధువు దగ్గర. మూడు తాళాల పెట్టెకు ఇది మన పల్లె రూపం.

రాతలో లేనివి అడిగి రాసుకోవాలి. పొలాల పేర్లే తీసుకోండి. సర్వే నంబర్లు వచ్చాక కాగితం మీద పేర్లు పోయాయి. తుమ్మల చేను, దొరువు పొలం, పాటిమీద చెక్క... ఈ పేర్లు నాగలి పట్టిన తరంతోనే సరి. 2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు గట్లను కొలిచాయి. గట్టు పేరెందుకొచ్చిందో డ్రోనుకు తెలియదు. అది గట్టు మీద కూర్చున్న పెద్దాయనకు తెలుసు. పాత ఫొటో వెనక పెన్సిల్‌తో పేర్లు రాయించడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ పేర్లు చెప్పగల అమ్మమ్మ వెళ్లిపోయాక ఐదేళ్లు వెతికినా దొరకవు.

కొన్ని ఇళ్లలో భయం ఉంటుంది. కాగితం బయటపెడితే పొలం తగాదాలు రేగుతాయేమోనని. ఆ భయం ఉత్తదేం కాదు. అలాంటి వాటిని పక్కనపెట్టి మిగతావి చూపించవచ్చు. గుడి జాతర లెక్కకూ, గ్రంథాలయ చందాల పుస్తకానికీ, బడి ఫొటోకూ తగాదా ఏముంటుంది?

మెకంజీ పోయాక ఆ పనిని తానే కొనసాగిస్తానని 1830ల్లో కావలి లక్ష్మయ్య ముందుకొచ్చాడు. ముప్ఫై ఏళ్ల అనుభవం అతనిది. ఏ జిల్లాలో ఏముందో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కానీ ఇంతటి పని అతనివల్ల కాదని కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పెద్దలు తేల్చేశారు. మెకంజీ కాగితాలను పరిశీలించే పని విలియం టేలర్ అనే పాదిరీకి దక్కింది. లక్ష్మయ్య అడగాలనుకున్న ఊళ్లు ఎన్నో అలాగే ఉండిపోయాయి.

ఇవాళ ఆ పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, ఒక ఫోను, ఎదురుగా కూర్చుని 'అప్పుడేమైంది మావయ్యా?' అని అడిగే ఓపిక చాలు. చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు.